తాగేది ఒకరు, పీల్చేది ఇంటిల్లిపాది



సిగరెట్ గానీ బీడీ గానీ జీవితంలో ఒక్కసారైనా నోట పెట్టని తల్లులు, అక్కచెల్లెళ్ళు మన సంఘాల్లో ఎందరో ఉన్నారు. పొగాకు మీద ప్రసంగం వచ్చిన ఆదివారం వారు నిశ్చింతగా కూర్చుంటారు. ఆ మాట తమకు కాదు, అవతలి వరుసలో ఉన్న మగవారికి అనుకుంటారు. ఇంటికి వెళ్ళాక వారు పీల్చే గాలి మాత్రం వేరే సంగతి చెబుతుంది.

2016–17లో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ దేశమంతటా గ్లోబల్ అడల్ట్ టొబాకో సర్వే చేయించింది. 15 ఏళ్ళు, ఆపైన వయసున్న వారిలో పొగ తాగేవారు 10.7 శాతమని తేలింది. మగవారిలో 19 శాతం, స్త్రీలలో 2 శాతం. కానీ ఇంట్లో ఇతరుల పొగ పీలుస్తున్నామని చెప్పినవారు 38.7 శాతం. నాలుగు గోడల మధ్య పనిచేసే ఉద్యోగులలో 30.2 శాతం మంది పనిచోట పొగ పీలుస్తున్నామన్నారు. అంటే తాగే ఒక్కరి చుట్టూ పీల్చేవారు ముగ్గురు నలుగురు. 15 ఏళ్ళ లోపు పిల్లలు ఈ లెక్కలో లేరు. వారిని ఎవరూ అడగలేదు.

2009–10లో ఇదే సర్వే మొదటిసారి జరిగినప్పుడు ఇంట్లో పొగ పీల్చేవారు 52 శాతం ఉండేవారు. కాబట్టి తగ్గుతున్న మాట నిజమే. పనిచోట లెక్క మాత్రం అప్పుడూ ఇప్పుడూ దాదాపు ఒకటే. ఒకే నగరంలో, ఒకే వీధిలో ఉంటూ ఒకరు రోజూ పక్కవారి పొగ పీలుస్తారు, మరొకరు పీల్చరు. ఈ తేడా ఎక్కడ నుంచి వస్తోంది? ఈ వారం మేము పరిశీలించదలచింది ఈ ప్రశ్ననే. జవాబులో ఎక్కువ భాగం పీల్చేవారి చేతిలో లేని విషయాలే.

ముందుగా ఆ పొగ సంగతి కొంచెం. సిగరెట్ నుంచి పొగ రెండు దారుల్లో వస్తుంది. తాగేవాడు లోపలికి పీల్చి బయటికి వదిలేది ఒకటి. రెండు దమ్ముల మధ్య వేళ్ళ సందున సిగరెట్ దానంతట అదే కాలుతూ గాలిలోకి వదిలేది రెండోది. గదిలో నిండేది ఎక్కువగా ఈ రెండో పొగే. తక్కువ వేడిలో, సరిగ్గా కాలక, ఏ ఫిల్టరూ దాటకుండా నేరుగా వచ్చే పొగ ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదాని ప్రకారం పొగాకు పొగలో 7,000కు పైగా రసాయనాలున్నాయి. వాటిలో 70 వరకు క్యాన్సర్ కలిగించేవి. ఫిల్టర్ సిగరెట్ కాబట్టి పర్వాలేదు అనేవారు, ఆ ఫిల్టర్ తాగేవాడి నోటి వైపు ఉందనీ, పక్కనున్న బిడ్డ వైపు నిప్పు కొన ఉందనీ గమనించరు.

పక్కవారి పొగ ప్రాణం తీస్తుందని లోకానికి గట్టిగా చెప్పిన మొదటి పరిశోధనల్లో ఒకటి జపాన్‌లో జరిగింది. హిరాయామా అనే వైద్య శాస్త్రవేత్త పొగ తాగని 91,540 మంది భార్యలను 14 ఏళ్ళపాటు గమనించి, 1981లో ఫలితాలు ప్రకటించారు. భర్త ఎంత ఎక్కువగా తాగితే, తాను ఎన్నడూ తాగని భార్యకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు అంతగా పెరిగింది. సిగరెట్ కంపెనీలు ఆ ఫలితాలను ఏళ్ళ తరబడి తప్పుపట్టాయి. తరువాత వచ్చిన పరిశోధనలు అదే మాట చెప్పాయి. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ పక్కవారి పొగను మనుషుల్లో క్యాన్సర్ కలిగించేదిగా ప్రకటించింది. ఇంట్లోనో పనిచోటనో రోజూ ఆ పొగ పీల్చేవారికి గుండెజబ్బు ముప్పు 25 నుంచి 30 శాతం పెరుగుతుందని అమెరికా సర్జన్ జనరల్ 2006 నివేదిక తేల్చింది. చిన్నపిల్లల్లో ఆస్తమా ఎక్కువవుతుంది, చెవిలో చీము పడుతుంది, న్యుమోనియా వంటి జబ్బులు తరచూ వస్తాయి. గర్భిణి పీలిస్తే బిడ్డ బరువు తగ్గి పుట్టవచ్చు.

ఇక కారణాల దగ్గరకు వద్దాం.

మొదటిది ఇల్లు. పల్లెలో తాతగారు చుట్ట కాల్చుకోవాలంటే అరుగు ఉండేది, వసారా ఉండేది, వేపచెట్టు కింద మంచం ఉండేది. పల్లెల్లో ఇంట్లో పొగ తక్కువని మా ఉద్దేశం కాదు. సర్వే ప్రకారం అక్కడే ఎక్కువ. కానీ పల్లె నుంచి నగరానికి వచ్చిన కుటుంబం ఆ అలవాటును వెంట తెచ్చుకుంది, అరుగును తెచ్చుకోలేకపోయింది. ఒకే గది, దానికి ఆనుకుని చిన్న వంటిల్లు, ఒక కిటికీ. అది కూడా పక్కింటి గోడకేసి తెరుచుకుంటుంది. అక్కడే పడుకోవాలి, అక్కడే వండాలి, పిల్లలు అక్కడే చదువుకోవాలి. ఆ గదిలో ఒకరు బీడీ ముట్టిస్తే మిగతావారు పోయే చోటు లేదు. నాలుగు గదుల ఇంట్లో ఉండేవారు తలుపు వేసుకుని తప్పించుకున్నామనుకుంటారు. అదీ పూర్తిగా నిజం కాదు గానీ, కొంత తేడా ఉంటుంది. అద్దె ఎంత కట్టగలరన్నది ఎంత పొగ పీలుస్తారన్నదాన్ని కొంతవరకు తేల్చేస్తుంది.

అపార్ట్‌మెంట్లలో కథ మరోలా ఉంటుంది. బాత్రూముల వెంటిలేటర్లన్నీ ఒకే డక్ట్‌లోకి తెరుచుకుంటాయి. రెండో అంతస్తులో ఒకాయన తెల్లవారుజామున బాత్రూమ్‌లో సిగరెట్ ముట్టిస్తే, వేడి గాలితో కలిసి ఆ పొగ పైకి లేచి నాలుగో అంతస్తులో పసిబిడ్డ ఉన్న ఇంట్లోకి దూరుతుంది. తలుపుల కింది సందులు, కరెంటు వైర్లు, పైపులు వెళ్ళే రంధ్రాలు, లిఫ్టు, మెట్లు అన్నీ దానికి దారులే. తమ ఇంట్లో ఎవరూ తాగకపోయినా పొగ పీల్చేవారు నగరాల్లో ఉండటానికి ఇది పెద్ద కారణం. వారికి ఎవరి మీద ఫిర్యాదు చేయాలో కూడా తెలియదు, ఎందుకంటే పొగ ఎవరి ఇంటి నుంచి వస్తోందో కంటికి కనబడదు.

ఏసీ వచ్చాక పరిస్థితి మెరుగైందని కొందరు అనుకుంటారు. గోడకు బిగించే మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తీసుకురాదు. గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. కిటికీలు మూసి ఏసీ వేసిన గదిలో కాల్చిన సిగరెట్ పొగ ఆ గదిలోనే తిరుగుతుంది. ఫ్యాను దాన్ని గదంతా పంచుతుంది. అగరుబత్తీ, రూమ్ స్ప్రే వాసనను కప్పుతాయే గానీ పొగను తీసేయవు. తాగేవారిని వేరుగా కూర్చోబెట్టడం, గాలిని శుభ్రం చేయడం, గాలి ఆడేలా ఏర్పాట్లు చేయడం, వీటిలో ఏ ఒక్కటీ తాగనివారిని పూర్తిగా కాపాడలేదని పైన చెప్పిన 2006 నివేదిక స్పష్టంగా చెప్పింది. ప్రమాదం లేనంత తక్కువ మోతాదు అంటూ ఏదీ లేదని కూడా అదే నివేదిక చెప్పింది. వాసన పోయాక కూడా నికోటిన్ పరదాలకు, దుప్పట్లకు, సోఫాకు, గోడలకు అంటుకుని ఉంటుంది. నేల మీద పాకుతూ చేతికందినదల్లా నోట్లో పెట్టుకునే బిడ్డకు అది చేరుతుంది.

నగరంలో గాలే విషమైపోయింది, ఈ ఒక్క సిగరెట్ ఎంత అని అడిగేవారున్నారు. రోడ్డు మీద పొగ ఎక్కువే. అయితే మూసిన గదిలో కాల్చిన సిగరెట్ పొగ ఆకాశంలోకి పలచబడి పోదు, ఆ నాలుగు గోడల మధ్యే చిక్కబడుతుంది. ఆ గాలిలోని సన్నని ధూళి కణాలు రద్దీ రోడ్డు పక్కన ఉండే వాటిని మించిపోగలవు. పైగా రోడ్డు మీద పీల్చింది చాలక ఇంట్లో ఇది అదనం.

రెండో కారణం, మా దృష్టిలో అన్నిటికంటే బరువైనది, ఎవరికి నోరు విప్పే హక్కు ఉంది అన్నది. పొగ తాగేవారిలో ఎక్కువమంది మగవారు, ఆ ఇళ్ళలో ఎక్కువసేపు ఉండేవారు స్త్రీలు, పిల్లలు. కొత్తగా వచ్చిన కోడలు మామగారితో ఏమని చెబుతుంది? "మామయ్యా, బాబుకు ఆయాసంగా ఉంది, కాస్త బయట కాల్చుకోండి" అనడానికి ఆమెకు ఎన్నేళ్ళు పడుతుంది? ఆ మాట మర్యాదగానే ఉంది. కానీ అన్న మరుక్షణం ఇంట్లో అది బాబు ఆరోగ్యం సంగతి కాకుండా పోతుంది, కోడలి పొగరు అవుతుంది. భర్త చెబితే కొంత నయం. డాక్టరుగారు చెబితే ఇంకా నయం. అందుకే పిల్లకు ఆయాసం అని ఆస్పత్రికి వెళ్ళినప్పుడు తల్లి ఒక్కతే వెళ్ళకుండా తాతగారిని కూడా వెంటబెట్టుకుని వెళ్ళమని మేము చెబుతాం. ఆ మాట డాక్టరు నోటి నుంచి ఆయనే వినాలి.

అద్దెకు ఉండేవారి సంగతీ ఇంతే. కింద వాటాలో ఇంటి ఓనర్ మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని తాగుతారు. పై వాటాలో అద్దెకున్న కుటుంబం ఏమనగలదు? ఇచ్చిన అడ్వాన్సు, పిల్లల బడి, మళ్ళీ ఇల్లు వెతుక్కునే తిప్పలు గుర్తొస్తాయి. కిటికీ మూసుకుని ఊరుకుంటారు. అతిథులు వచ్చినప్పుడు కూడా మన మొహమాటం ఇలాగే పనిచేస్తుంది. పెద్దబావగారు ఏడాదికోసారి వచ్చారు, హాల్లో కూర్చుని సిగరెట్ తీశారు, ఎవరైనా వద్దంటారా? పైగా ఇంట్లో పిల్లవాడినే అగ్గిపెట్టె తెమ్మంటారు.

స్త్రీలు తాగరు అన్న మాట కూడా అన్ని చోట్లా చెల్లదు. ఉత్తరాంధ్ర తీరంలో, శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల్లో, వయసు మళ్ళిన స్త్రీలు చుట్ట నిప్పు కొనను నోటి లోపల పెట్టుకుని కాల్చే అలవాటు తరతరాలుగా ఉంది. అడ్డపొగ అంటారు. దానివల్ల అంగిట్లో వచ్చే పుండ్లు, క్యాన్సర్ గురించి వైద్యులు దశాబ్దాలుగా పరిశోధించారు. ఆ అవ్వలు కొడుకుల వెంట విశాఖ నగరానికి వచ్చినప్పుడు, తల్లీతండ్రీ పనికి వెళ్ళిన ఇంట్లో మనవడిని చూసుకునేది వారే. ఆ అవ్వకు చుట్ట గురించి చెప్పడం ఎంత కష్టమో ఆ ప్రాంతపు సేవకులకు బాగా తెలుసు.

మూడోది పని. ఇక్కడ ఒక విషయాన్ని ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. హైదరాబాద్, విజయవాడ వంటి నగరాల్లో చదువుకున్న కుటుంబాల్లో ఇప్పుడు ఇంట్లో తాగనివ్వని స్త్రీలు చాలామంది ఉన్నారు. మంచిదే. ఆ ఇంటాయన లిఫ్టులో సెల్లారుకు దిగుతాడు. రాత్రి తొమ్మిది గంటలకు కారు పక్కన నిలబడి తాగుతాడు. ఆయన తరువాత మరొకాయన. ఆ సెల్లార్‌లోనే ఒక మూల వాచ్‌మన్ గది ఉంటుంది. పదడుగుల గది. అందులో వాచ్‌మన్, అతని భార్య, ఇద్దరు పిల్లలు. పైనున్న ఇళ్ళు శుభ్రంగా ఉండటం కోసం ఆ పొగంతా ఆ పిల్లల గుమ్మం ముందుకు చేరుతుంది. ఆ వాచ్‌మన్ "సార్, అవతల తాగండి" అనగలడా? తన పిల్లల గాలి మీద తనకే అధికారం లేని చోట అతను కాపలా కాస్తున్నాడు. ఈ మాట చదివే అపార్ట్‌మెంట్ విశ్వాసులు ఒక్కసారి కిందికి దిగి చూడమని మా మనవి.

మద్యం దుకాణాలకు ఆనుకుని ఉండే పర్మిట్ రూముల్లో గ్లాసులు తీసే కుర్రవాళ్ళు, టీ కొట్లలో పనివాళ్ళు, ఆటో స్టాండ్లలో డ్రైవర్లు, భవన నిర్మాణంలో కూలీలు, చిన్న చిన్న ఆఫీసుల్లో యజమాని ఎదురుగా కూర్చునే గుమాస్తాలు, వీరందరిదీ ఇదే పరిస్థితి. రోజుకు ఎనిమిది, పది గంటలు. కస్టమర్ పావుగంట కూర్చుని వెళ్ళిపోతాడు. వడ్డించేవాడు అక్కడే ఉంటాడు.

నాలుగోది చట్టం, దాని అమలు. 1999లో కేరళ హైకోర్టు బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడం చట్టవిరుద్ధమని తీర్పు చెప్పింది. 2001లో సుప్రీంకోర్టు దేశమంతటికీ ఆ దారే చూపింది. 2003లో పార్లమెంటు పొగాకు ఉత్పత్తుల చట్టం చేసింది. 2008 అక్టోబరు 2 నుంచి అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం ఆఫీసులు, ఆస్పత్రులు, హోటళ్ళు, సినిమా హాళ్ళు, బస్సులు, బడులు, కోర్టులు, ఇవన్నీ పొగ తాగకూడని చోట్లు. తాగితే 200 రూపాయల వరకు జరిమానా. ఆ చోటుకు యజమాని గానీ మేనేజరు గానీ ఆపకపోతే వారిదీ నేరమే. ఆష్‌ట్రే, అగ్గిపెట్టె, లైటరు అక్కడ ఉంచకూడదు. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ శాసనసభ ఇదే చట్టాన్ని సవరించి హుక్కా పార్లర్లను నిషేధించింది.

అయితే ఒక వెసులుబాటు ఉంది. 30 లేక అంతకంటే ఎక్కువ గదులున్న హోటళ్ళు, 30 లేక అంతకంటే ఎక్కువమంది కూర్చునే రెస్టారెంట్లు, విమానాశ్రయాలు పొగ తాగేవారికి ప్రత్యేక గది పెట్టుకోవచ్చు. దానికి నాలుగు వైపులా గోడలుండాలి, పొగ బయటికి పోయే ఏర్పాటు ఉండాలి, ప్రవేశద్వారం దగ్గర ఉండకూడదు. ఆ గదిని ఊడ్చేవారెవరు అని మాత్రం ఆ వెసులుబాటు అడగదు.

విడిగా సిగరెట్లు అమ్మడం మరో చిక్కు. మన పాన్ డబ్బాల్లో ప్యాకెట్టు కొనేవారికంటే ఒకటీ రెండూ కొనేవారే ఎక్కువగా కనిపిస్తారు. 2016 నుంచి ప్యాకెట్టు మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాలన్నారు గానీ, విడిగా కొన్నవాడి చేతికి ఆ బొమ్మ రాదు. కొన్నచోటే ముట్టిస్తాడు. ఆ డబ్బా బస్టాపు పక్కన ఉంటుంది, ఆస్పత్రి గేటు ఎదుట ఉంటుంది. బడికి 100 గజాల లోపు అమ్మకూడదని చట్టం చెబుతున్నా, ట్యూషన్ సెంటరు మెట్ల కింద కూడా ఉంటుంది. బస్సు కోసం నిలబడ్డ గర్భిణి రెండడుగులు జరగగలదు. బస్సు వచ్చే చోటు నుంచి అంతకంటే దూరం పోలేదు.

చట్టం పనిచేస్తుందా అని అడిగేవారికి స్కాట్లాండ్ మంచి జవాబు. అక్కడ 2006లో పనిచోట్ల, హోటళ్ళలో, మద్యశాలల్లో పొగ నిషేధించారు. బయట వద్దంటే మగవాళ్ళు ఇంటికొచ్చి పిల్లల మధ్య తాగుతారని చాలామంది భయపడ్డారు. అందుకని నిషేధానికి ముందు, తరువాత బడిపిల్లల లాలాజలం పరీక్షించారు. నికోటిన్ ఒంట్లోకి వెళితే కోటినిన్ అనే పదార్థంగా మారుతుంది, దాన్ని కొలిచి ఎంత పొగ పీల్చారో చెప్పవచ్చు. పిల్లల్లో అది సుమారు 39 శాతం తగ్గింది. అంతకుముందు ఏటా పెరుగుతూ వచ్చిన పిల్లల ఆస్తమా కేసులు కూడా నిషేధం తరువాత తగ్గుముఖం పట్టాయి. గుండెపోటుతో ఆస్పత్రిలో చేరేవారు 17 శాతం తగ్గారు. ఆ తగ్గినవారిలో ఎక్కువమంది పొగ తాగనివారే.

కానీ ఆ పరీక్షలోనే మరో సంగతి బయటపడింది. తల్లీతండ్రీ ఇద్దరూ తాగని ఇళ్ళలో, తండ్రి ఒక్కడే తాగే ఇళ్ళలో పిల్లలకు బాగా మేలు జరిగింది. తల్లి తాగే ఇళ్ళలో, ఇద్దరూ తాగే ఇళ్ళలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంటే చట్టం గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. బిడ్డను రోజంతా దగ్గర పెట్టుకునే మనిషి తాగితే, వీధిలో ఎన్ని బోర్డులు పెట్టినా ఆ బిడ్డకు ఒరిగింది తక్కువ. మన ఇళ్ళలో ఆ స్థానంలో చాలాచోట్ల తాతగారో అవ్వో ఉంటారు.

మన దేశంలో కూడా ఇల్లు ఈ చట్టం పరిధిలో లేదు. ఇంట్లోకి పోలీసు రాడు, రావాలని మేమూ కోరం. అయితే పాస్టరుగారు వస్తారు. స్త్రీల సమాజం వారు వస్తారు. గృహ ప్రార్థనకు ఇరవైమంది వచ్చి చాపల మీద కూర్చుంటారు. అందుకే ఈ అంశం మీద సంఘానికి చెప్పవలసిన మాట ఉందని మేము అనుకుంటున్నాం.

ఆ మాట చెప్పే తీరులోనే ఒక చిక్కుంది. మన ప్రసంగాల్లో పొగాకు ఎప్పుడూ తాగేవాడి పాపంగానే వస్తుంది. మానమంటాం, మానకపోతే సిగ్గుపడమంటాం. సిగ్గుపడిన మనిషి ఏం చేస్తాడు? మానలేనివాడు దాక్కుంటాడు. సంఘం వారు చూస్తారని వీధి అరుగు మీద తాగడం మానేసి బాత్రూమ్‌లో, మేడ మెట్ల మీద, అద్దాలు ఎత్తిన కారులో తాగుతాడు. పాస్టరుగారు వస్తున్నారని తెలిస్తే ఇంట్లోవారే ఆష్‌ట్రే దాస్తారు. వీధిలో గాలికి కొట్టుకుపోయే పొగ ఇంటి లోపలికి వస్తుంది. సాక్ష్యం చెడకుండా ఆయన జాగ్రత్తపడతాడు, ఆ జాగ్రత్తకు మూల్యం భార్యాబిడ్డల ఊపిరితిత్తులు చెల్లిస్తాయి.

కాబట్టి రెండు మాటలను విడదీసి చెప్పాలని మా అభిప్రాయం. మానడం ఒకటి, ఎక్కడ తాగుతున్నావన్నది రెండోది. మొదటిదానికి సమయం పడుతుంది. నికోటిన్ మెదడును పట్టుకునే పదార్థం, ఒక్క ప్రార్థన రాత్రిలో విడుదల పొందినవారూ ఉన్నారు, పదిసార్లు ప్రయత్నించి పదకొండోసారి మానినవారూ ఉన్నారు. సిగరెట్ ప్యాకెట్ మీద అచ్చువేసే 1800-11-2356 నంబరుకు ఫోన్ చేస్తే ఖర్చు లేకుండా సలహా దొరుకుతుంది. సంఘ పెద్దలు ఆ నంబరు చెప్పడం విశ్వాస లోపమేమీ కాదు. రెండోది మాత్రం ఈ రోజే చేయవచ్చు. మానే వరకు గుమ్మం లోపల, కారు లోపల, మెట్ల దగ్గర, వాచ్‌మన్ గది ముందు తాగను అని ఒక మనిషి ఈ సాయంత్రమే నిర్ణయించుకోవచ్చు.

అలా చెబితే బయట తాగమని అనుమతి ఇచ్చినట్టు కాదా అని కొందరు సేవకులు అడుగుతారు. న్యాయమైన సందేహమే. మా జవాబు ఇది. ఆయన మానే రోజు రేపు కావచ్చు, ఆరు నెలల తరువాత కావచ్చు. ఆ ఆరు నెలలూ ఆ గదిలో పడుకునే బిడ్డ ఎవరి అనుమతితో పీల్చాలి? పైగా ఇంట్లో తాగకూడదని నియమం పెట్టుకున్నవారు తాగేది తగ్గించుకోవడం, మానే ప్రయత్నం ఎక్కువగా చేయడం పరిశోధకులు పలు దేశాల్లో గమనించారు. ప్రతిసారీ చెప్పులు వేసుకుని మెట్లు దిగి, వానలో నిలబడి తాగవలసిన మనిషికి ప్రతి సిగరెట్టూ ఒక ప్రశ్న వేస్తుంది.

బాల్కనీ బయట కిందికి రాదని కూడా చెప్పవలసి ఉంది. తలుపు తెరిచిన బాల్కనీలో తాగితే పొగ గాలితో పాటు తిరిగి గదిలోకే వస్తుంది, లేదా పై ఇంటి కిటికీలోకి పోతుంది.

ఈ మాటలు రాస్తూ మేము ఒక విషయం మరచిపోలేము. గుంటూరులో పొగాకు బోర్డు ఉంది. ప్రకాశం జిల్లాలో పొగాకు బ్యారన్ల దగ్గర కూలి చేసి పిల్లలను చదివించుకున్న కుటుంబాలు మన సంఘాల్లో ఉన్నాయి. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు తునికాకులో పొగాకు చుట్టి బీడీలు చేసే అక్కచెల్లెళ్ళు ఉన్నారు. చందాల సంచిలో ఆ డబ్బూ పడింది. ఈ వ్యాసం వారి మీద కాదు. ఆ తల్లులు ఇంటి అరుగు మీద బీడీలు చుడుతూ రోజంతా పొగాకు దుమ్ము పీలుస్తున్నారు. వారికి వేరే ఉపాధి చూపించడం వేరే పెద్ద సంగతి, మరో వారం రాస్తాం.

సంఘంగా చేయదగినవి చిన్నవే. గృహ ప్రార్థన పెట్టే ఇంటివారు ఆ పూట ఇంట్లో ఎవరూ తాగకుండా చూడవచ్చు, తాతగారిని కూడా. పెళ్ళి పందిట్లో, మృతుల ఇంటి ముందు వేసిన షామియానాలో కుర్చీల మధ్య తాగడం మన దగ్గర మామూలైపోయింది. ఆదరించడానికి వచ్చిన ముసలివారు, పసిపిల్లల తల్లులు అక్కడే కూర్చుంటారు. ఒక పెద్ద లేచి ఆ మనిషిని భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకుపోతే సరిపోతుంది. అపార్ట్‌మెంట్ అసోసియేషన్లలో మన విశ్వాసులు సభ్యులుగా, కొన్నిచోట్ల అధ్యక్షులుగా ఉన్నారు. సెల్లార్, మెట్లు, లిఫ్టు పొగ లేని చోట్లు అని తీర్మానం చేయించడం వారి చేతిలో పని. ఆ తీర్మానం ఉంటే వాచ్‌మన్ అడగవలసిన అవసరం రాదు, కాగితం అడుగుతుంది.

చివరగా, సంఘానికి చెందిన ఫంక్షన్ హాలో, బడో, ఆస్పత్రో ఉన్నవారికి ఒక పని. 2008 నిబంధనల ప్రకారం ద్వారం దగ్గర 60 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తు గల బోర్డు ఉండాలి. ఇక్కడ పొగ తాగడం నేరమని దాని మీద రాయాలి. ఎవరైనా తాగుతుంటే ఎవరికి చెప్పాలో ఆ మనిషి పేరు కూడా పెట్టాలి. బోర్డు ఉందో లేదో, ఉంటే దాని మీద ఎవరి పేరు ఉందో వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక ఒకసారి చూడండి. ఖాళీగా ఉంటే సంఘ పెద్దల్లో ఒకరు తమ పేరు రాయించండి.